చుక్కకు వేసిన ఆ ఇంజెక్షన్ గురించి: హైదరాబాద్ పెట్ డాక్టర్లకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో కుక్కలకు, పిల్లులకు వైద్యం చేసే డాక్టర్లందరికీ, మీ క్లినిక్కుల్లో పనిచేసే కాంపౌండర్లకు, చీటీ అడగకుండా హార్మోన్ మందులు చేతిలో పెట్టే షాపుల వాళ్లకు నమస్కారం.

నేను నాచారంలో ఉంటాను. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. ఈ లేఖ ఎవరి మీదో కోపంతో రాస్తున్నది కాదు, కోపం ఉన్న రోజుల్లో రాయలేకపోయాను కూడా. ఇప్పుడు రాయడానికి కారణం, పోయిన వారం మా పక్క అపార్ట్‌మెంట్ అమ్మాయి ఒకామె నాకు ఫోన్ చేసి "ఆంటీ, మా కుక్క గేటు దాటి వెళ్లి గల్లీ కుక్కతో కలిసింది, క్లినిక్‌లో చూలు నిలవకుండా ఏదో ఇంజెక్షన్ వేస్తే సరిపోతుందంట కదా, ఎక్కడ వేయించాలి" అని అడగడం. రెండేళ్ల కింద నేను అడిగిన ప్రశ్న మాట మాట ఇదే. ఆమెకు గంటసేపు చెప్పాను. చెప్పాక, ఈ ఊళ్లో ఇంకా ఎంతమంది ఇదే ప్రశ్న పట్టుకుని ఎక్కడెక్కడి క్లినిక్కులకు పోతున్నారో అనిపించి ఇది రాస్తున్నాను.

మా చుక్క దేశవాళీ కుక్క. వానలో మా పార్కింగ్‌లోకి వచ్చి కారు కింద దూరిన పిల్ల, నుదుటి మీద తెల్ల మచ్చ ఉంటే మా అమ్మాయి చుక్క అని పేరు పెట్టింది. స్టెరిలైజేషన్ చేయించాలని అనుకుంటూనే ఉన్నాం, మొదటిసారి ఎదకొచ్చి పోయాక చేయిద్దామని ఒకరు, ఇంకో ఆరు నెలలు ఆగుదామని ఇంకొకరు చెప్తే వాయిదా వేశాం. ఆ వాయిదా నాది, అది ఎవరి మీదా పెట్టను. రెండోసారి ఎదకొచ్చింది సరిగ్గా చిత్తకార్తెలో. మన పెద్దవాళ్లు చిత్తకార్తె కుక్కలు అని తిట్టుగా వాడేస్తారు గానీ అందులో ఎప్పటి నుంచో చూసి చెప్పిన నిజం ఉంది, వానలు తగ్గి చలి మొదలయ్యే ముందు ఆ అక్టోబర్ రోజుల్లో మన వీధి కుక్కల్లో చాలా భాగం ఒకేసారి ఎదకొస్తాయి, ఒక ఆడకుక్క వెనక ఆరు మగకుక్కలు గల్లీ గల్లీ తిరుగుతాయి. ఆదివారం పొద్దున వాచ్‌మన్ చెత్త బండి కోసం గేటు తెరిచాడు, చుక్క బయటికి పోయింది, మేం చూసేసరికి రెండూ అతుక్కుని ఉన్నాయి. అప్పుడు విడదీయకూడదని నాకు తెలుసు, అది ఒక్కటే ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని.

సోమవారం సాయంత్రం క్లినిక్‌కి తీసుకెళ్లాం. ఏ క్లినిక్కో రాయను. డాక్టర్ గారు బిజీగా ఉన్నారు, లోపల ఏదో ఆపరేషన్ నడుస్తోంది, కాంపౌండర్ విని లోపలికి వెళ్లి ఒక మాట అడిగొచ్చి "ఏం పరేషాన్ కావద్దమ్మా, ఒక్క ఇంజెక్షన్ ఇస్తే సాఫ్ అయితది, మూడు రోజులకు మళ్లొకటి ఇద్దాం" అన్నాడు. ఎన్నాళ్ల నుంచి ఎదలో ఉందో అడగలేదు. స్మియర్, అంటే ఎద ఏ దశలో ఉందో మైక్రోస్కోప్ కింద చూడటానికి యోని లోంచి తీసే నమూనా, తీయలేదు. బరువు తూచలేదు. చీటీ మీద "హార్మోన్ ఇంజెక్షన్" అని రాసి తేదీ వేశాడు, మందు పేరు లేదు, మోతాదు లేదు. నేను అడగనూ లేదు. క్లాసులో పిల్లలకు ఎదను, చూలును నడిపే హార్మోన్లు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్‌ల బొమ్మలు గీసి చెప్పే మనిషిని, సొంత కుక్కకు ఏం ఎక్కిస్తున్నారో అడగకుండా దాని తల పట్టుకుని కూర్చున్నాను. గురువారం మళ్లీ వెళ్లి రెండోది వేయించుకుని వచ్చాం.

ఇరవై రోజుల దాకా బాగానే ఉంది. తర్వాత నీళ్లు తాగడం మొదలుపెట్టింది, గిన్నె పెడితే గిన్నె ఖాళీ, రాత్రి రెండుసార్లు కిందికి తీసుకెళ్లమని తలుపు గీకేది. తిండి తగ్గింది. చూలు నిలిచిందేమో, అందుకే ఇలా ఉందేమో అనుకున్నాం. నాలుగో రోజు పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి, చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. ఈసారి వేరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ స్కానింగ్ చేశారు. గర్భసంచిలో పిల్లలు లేవు, దాని రెండు పాయల్లోనూ చీము నిండి ఉంది. పయోమెట్రా. రక్తం రిపోర్ట్ వచ్చాక ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ప్లేట్‌లెట్లు పంతొమ్మిది వేలు. డెంగ్యూ మూలంగా ప్లేట్‌లెట్ అనే మాట తెలియని ఇల్లు హైదరాబాద్‌లో లేదు, కుక్కలకు రెండు లక్షల పైన ఉండాలి. మామూలుగా గర్భసంచిలో అంత చీముంటే తెల్లరక్తకణాలు బాగా పెరగాలి, చుక్కకు అవీ పడిపోయి ఉన్నాయి. ముందు గోమార్ల జ్వరం అనుకున్నారు, ఊళ్లో టిక్ ఫీవర్ అంత ఎక్కువ కాబట్టి అది అనుమానించడం సహజం, ఆ టెస్ట్ నెగెటివ్ వచ్చింది. అప్పుడు ఆవిడ అడిగారు: "ఈ మధ్య ఏమైనా ఇంజెక్షన్ వేయించారా? ఏ మందు? ఎంత?"

నా దగ్గర జవాబు లేదు. చీటీ చూపించాను. పాత క్లినిక్‌కి ఫోన్ చేస్తే రెండు గంటల తర్వాత చెప్పారు, ఈస్ట్రాడియోల్ అని, అది ఈస్ట్రోజెన్ రకం హార్మోన్. ఎంత వేశారో అప్పుడూ చెప్పలేకపోయారు.

చీము తీయాలంటే ఆపరేషన్ చేయాలి, ప్లేట్‌లెట్లు లేకుండా కోస్తే రక్తం ఆగదు, కోయకుండా ఉంచితే చీము విషం ఒళ్లంతా పాకుతుంది. తార్నాక నుంచి ముక్కూ మొహం తెలియని ఒకాయన తన ల్యాబ్రడార్‌ను రాత్రి పదకొండింటికి తీసుకొచ్చి రక్తం ఇప్పించారు, ఆ కుక్క కదలకుండా టేబుల్ మీద పడుకున్న తీరు ఇప్పటికీ నా కళ్లల్లో ఉంది. తెల్లవారి ఆపరేషన్ చేశారు. మర్నాడు మధ్యాహ్నం చుక్క చనిపోయింది. మూడేళ్లు కూడా నిండలేదు.

ఇదంతా మీకు తెలియని శాస్త్రం కాదని నాకు తెలుసు. అయినా రాస్తాను, ఎందుకంటే ఈ లేఖ మీతో పాటు కుక్కల్ని పెంచుకునేవాళ్లూ చదువుతారు, వాళ్లకు ఈ ముక్క తెలుగులో ఎవరూ చెప్పలేదు.

కుక్కలో అండం విడుదలైనప్పుడు పచ్చిగా ఉంటుంది, ఫలదీకరణకు పనికి రావడానికి ఇంకో రెండు మూడు రోజులు పడుతుంది. మగకుక్క వీర్యకణాలు లోపల వారం దాకా బతికి కాచుకుని ఉండగలవు. అందుకే ఏ రోజు కలిశాయన్నది ఒక్కటే పట్టుకుంటే లెక్క తప్పుతుంది. ఫలదీకరణ జరిగాక పిండాలు వెంటనే గర్భసంచిలోకి దిగవు, వారం పది రోజులు అండాశయం నుంచి గర్భసంచికి వచ్చే సన్నటి నాళంలోనే ఉంటాయి, గోడకు అతుక్కునేసరికి మూడు వారాలకు దగ్గరవుతుంది. ఈస్ట్రోజెన్ ఇంజెక్షన్ దెబ్బ కొట్టేది ఈ ప్రయాణం మీద. నాళానికీ గర్భసంచికీ మధ్య దారి వాచి బిగుసుకుపోతుంది, పిండాలు రావలసిన వేళకు రాలేక అక్కడే నశిస్తాయి, ఒకవేళ దిగినా వాటిని పట్టుకోవడానికి లోపలి పొర సిద్ధంగా ఉండదు. కుందేళ్లలో ఇది రెండు రకాలుగానూ జరుగుతుందని చాలా ఏళ్ల కిందటే చూశారు, ఎక్కువ మోతాదు ఇస్తే నాళంలోనే ఇరుక్కుపోతాయి, తక్కువ మోతాదు ఇస్తే సమయం కాకముందే గర్భసంచిలోకి పరుగెత్తి బయటికి పోతాయి. జంతువును బట్టి, రోజును బట్టి, మోతాదును బట్టి ఇంత తేడా చూపించే హార్మోన్‌ను బరువు కూడా తూచకుండా సిరంజిలోకి లాగడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈస్ట్రోజెన్ చెడ్డదని నేను అనడం లేదు. ఎలుకల్లో అది లేకపోతే గర్భమే నిలవదు. చిట్టెలుకలో గర్భం నాలుగో రోజున అండాశయం నుంచి చిటికెడు ఈస్ట్రోజెన్ వస్తుంది, అది వస్తేనే గర్భసంచి పిండాన్ని పట్టుకుంటుంది. అంతకు ముందే అండాశయాలు తీసేసి ప్రొజెస్టిరాన్ మాత్రం ఇస్తూ ఉంటే పిండం చావదు, పెరగదు, నిద్రపోయినట్టు అలాగే ఉండిపోతుంది, రవ్వంత ఈస్ట్రోజెన్ ఇవ్వగానే లేచి అతుక్కుంటుంది. ఈ పాఠం చెప్పినప్పుడల్లా వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తి వింటారు. 2003లో శాస్త్రవేత్త సుధాంశు డే బృందం ఇంకో సంగతి చూపించింది, ఆ ఈస్ట్రోజెన్ తక్కువగా ఉంటే గర్భసంచి పిండాన్ని అందుకునే గడువు కొంచెం ఎక్కువసేపు ఉంటుంది, ఎక్కువైతే గబుక్కున ముగిసిపోతుంది. పందుల్లో అయితే ఈస్ట్రోజెన్‌ను పిండాలే తయారు చేస్తాయి, పదకొండు పన్నెండో రోజున, "మేమున్నాం" అని తల్లికి కబురు పెట్టినట్టు. ఆ కబురు రెండు రోజుల ముందు, తొమ్మిది పదో రోజున, బయటి నుంచి ఇంజెక్షన్‌గా వెళ్తే గర్భసంచి తొందరపడి మారిపోతుంది, పిండాలు తర్వాత నశించిపోతాయి. బూజు పట్టిన మక్కల్లో జియరలినోన్ అనే విషం ఉంటుంది, అది ఒంట్లో ఈస్ట్రోజెన్‌లాగే నటిస్తుంది, పందుల పెంపకందార్లు దాణాలో బూజు మక్కలంటే భయపడేది ఇందుకే. 1940ల్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం క్లోవర్ గడ్డి మేసిన గొర్రెలు మందలు మందలుగా గొడ్డుబోతే, చివరికి తేలింది ఆ గడ్డిలో ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థాలున్నాయని.

మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో బర్రె ఈసుకుపోయిందంటే, అంటే చూడి పోయిందంటే, ఇల్లంతా చావు జరిగినట్టు ఉండేది. ఎద రావట్లేదని ఎవరో తెలిసీ తెలియక హార్మోన్ ఇంజెక్షన్ వేస్తే, అప్పటికే నెలన్నర చూడితో ఉన్న బర్రె ఈసుకుపోయిన సంగతి చిన్నప్పుడు నేను చూశాను. ముందు చేయి పెట్టి చూడి ఉందో లేదో చూసుకోవాలి కదా అని మా తాత ఆ రోజు ఆ మనిషితో అన్న మాటే, చుక్క విషయంలో నేను ఎవరితోనూ అనలేకపోయాను.

ఇక కుక్క దగ్గరికి వస్తే, చాలా జంతువులకు లేని ప్రమాదం దానికి ఒకటి ఉంది. కుక్కలో చూలు నిలిచినా నిలవకపోయినా ఎద తర్వాత రెండు నెలల పాటు ప్రొజెస్టిరాన్ ఎక్కువగానే ఉంటుంది, అందుకే చూలు లేని కుక్కలకు కూడా పాలు పడతాయి, బొమ్మల్ని పిల్లల్లా పొదువుకుంటాయి. ఈస్ట్రోజెన్ ఇంజెక్షన్ ఆ గర్భసంచి పొరను ప్రొజెస్టిరాన్‌కు మరింతగా లొంగిపోయేట్టు చేస్తుంది. ఆ పొరలో గ్రంథులు ఉబ్బి ద్రవం ఊరుతూ ఉంటుంది, గర్భసంచి కండరం కదలకుండా పడి ఉంటుంది కాబట్టి ఆ ద్రవం బయటికి పోదు, అక్కడి రోగనిరోధక శక్తి తగ్గుతుంది. దానికి తోడు ఈస్ట్రోజెన్ వల్ల గర్భాశయ ముఖద్వారం తెరుచుకుని ఉంటుంది, యోనిలో మామూలుగా ఉండే ఈ.కొలై లాంటి బ్యాక్టీరియా తేలిగ్గా పైకి వెళ్తుంది. చీము పట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి. ఆ బ్యాక్టీరియా విషం మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచకుండా చేస్తుంది, చుక్క గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగింది అందుకని నాకు తర్వాత అర్థమైంది.

రెండో ప్రమాదం ఎముకల్లోని మూలుగ మీద. కుక్క మూలుగకు ఈస్ట్రోజెన్ పడదు. ప్లేట్‌లెట్లు ముందు పడిపోతాయి, తెల్లకణాలు కొన్నాళ్లు పెరిగినట్టు కనిపించి తర్వాత జారిపోతాయి, ఎర్రకణాలకు ఆయుష్షు ఎక్కువ కాబట్టి రక్తహీనత ఆలస్యంగా బయటపడుతుంది. ఫెరెట్ అనే చిన్న జంతువు ఉంది, ముంగిసను పోలి ఉంటుంది, అది ఎదకొచ్చి మగదానితో కలవకపోతే ఎద ఆగదు, నెలల తరబడి దాని సొంత ఈస్ట్రోజెనే దాని మూలుగను ఎండగట్టి చంపేస్తుంది. ఒంట్లో పుట్టిన హార్మోనే ఇంత చేయగలిగితే, నూనెలో కలిపి నెమ్మదిగా రోజుల తరబడి రక్తంలోకి ఊరేలా తయారు చేసిన మనుషుల మందు పదిహేను కిలోల కుక్కలో ఏం చేస్తుందో ఆలోచించండి. కొన్ని కుక్కలకు ఏమీ కాదు, నిజమే. ఏ కుక్కకు అవుతుందో ముందుగా చెప్పే పరీక్ష మాత్రం లేదు.

చూలు మీద ఈస్ట్రోజెన్ ప్రభావం తెలిసి వందేళ్లయింది. 1926లో బ్రిటన్‌లో పార్క్స్, బెల్లర్బీ అనే శాస్త్రవేత్తలు చూలు చిట్టెలుకలకు ఆ హార్మోన్ ఎక్కించి గర్భం పోతుందని చూశారు. 1938లో చార్లెస్ డాడ్స్ వాళ్లు స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్ తయారు చేశారు. ఎలుకల్లో గర్భాన్ని తీసేసే రకం మందును, మనుషుల్లో గర్భం నిలబెడుతుందనే నమ్మకంతో అమెరికాలో డాక్టర్లు లక్షల మంది గర్భిణులకు రాశారు. 1953లో షికాగోలో సరైన పద్ధతిలో పరీక్షించి చూస్తే అది గర్భస్రావాలను ఆపడం లేదని తేలింది. తేలాక కూడా పద్దెనిమిదేళ్లు రాస్తూనే ఉన్నారు. 1971లో డాక్టర్ హెర్బ్‌స్ట్, ఆయన సహచరులు ఆ తల్లుల కూతుళ్లలో కొందరికి పడుచు వయసులోనే యోనిలో అరుదైన క్యాన్సర్ వస్తోందని బయటపెట్టాకే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ గర్భిణులకు వద్దని చెప్పింది. అందరూ రాస్తున్నారు కాబట్టి మనమూ రాద్దాం అనుకున్న డాక్టర్లు చెడ్డవాళ్లు కారు. మీ కాంపౌండర్ కూడా చెడ్డవాడు కాదు. "సీనియర్ సార్ ఎప్పుడూ ఇదే ఇచ్చేవారు" అన్న మాట మీద ఇన్నేళ్లుగా ఈ ఇంజెక్షన్ నడుస్తోంది, అంతే.

డాక్టర్ గారూ, మీ దగ్గర చేతులు జోడించి నిలబడే మాలాంటి మనుషుల టెన్షన్ మీకు రోజూ కనిపించేదే. ఇంట్లో పెద్దవాళ్లు అరుస్తుంటారు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు ఒక్క కుక్కకే ముఖం చిట్లిస్తుంటే ఆరు పిల్లలు పుడితే ఏమంటారో అని భయం. ఏదో ఒకటి చేసి పంపమని మేమే ఒత్తిడి పెడతాం. ఆ నిమిషంలో మీరు "ఇప్పుడు ఏమీ చేయనక్కరలేదు, ఇంటికి వెళ్లండి" అంటే మాకు కోపం రావచ్చు, ఇంకో క్లినిక్‌కి పోతామని అనొచ్చు కూడా. అయినా ఆ మాటే అనండి. ఎందుకంటే అది నిజం. కుక్క చూలు అరవై మూడు రోజులు, తొందరపడాల్సిందేమీ లేదు. పొరపాటున కలిశాయని తీసుకొచ్చిన కుక్కల్ని తర్వాత పరీక్షిస్తే సగానికి పైగా వాటిలో చూలే నిలవలేదని మీ పశువైద్య శాస్త్రంలోనే రాసి ఉంది. అంటే లేని చూలు పోగొట్టడానికి మనం కుక్కల మూలుగ మీదికి, గర్భసంచి మీదికి ప్రమాదం తెస్తున్నాం. చుక్కకు అసలు చూలు నిలిచిందో లేదో నాకు ఈ జన్మలో తెలియదు.

మరి ఏం చేయాలని మీరు అడిగితే, చేసేవాళ్లు చేస్తున్నదే చెప్తాను. మొదట స్మియర్ తీసి అసలు ఎద ఏ దశలో ఉందో చూడండి, కలిసి ఒకటి రెండు రోజులే అయితే వీర్యకణాలు కూడా కనిపించవచ్చు. ఇరవై అయిదు, ముప్పై రోజుల మధ్య స్కానింగ్‌కి రమ్మనండి. ఆ యజమానికి జన్మలో ఆ కుక్క పిల్లలు అక్కరలేదంటే, చాలామందికి అక్కరలేదు, అన్నిటికన్నా తిన్నగా పోయే దారి ఆపరేషన్, గర్భసంచి, అండాశయాలు తీసేయడం. చూలు మొదటి రోజుల్లో ఉన్నా అది చేయగలరు, ఎప్పుడు చేస్తే మంచిదో మీకు తెలుసు. దానితో పయోమెట్రా భయం కూడా పోతుంది. ఆపరేషన్ వద్దు, తర్వాత పిల్లలు కావాలి అనేవాళ్లకు, చూలు ఉందని రూఢి అయ్యాక, ప్రొజెస్టిరాన్ పనిని అడ్డుకునే అగ్లెప్రిస్టోన్ లాంటి మందు ఉంది, ఇరవై నాలుగు గంటల తేడాతో రెండు ఇంజెక్షన్లు. అది దొరకని చోట ప్రోస్టాగ్లాండిన్, కాబెర్గోలిన్ అనే రెండు మందులు కలిపి, కుక్కను మీ కళ్ల ముందు ఉంచుకుని చేసే పద్ధతి ఉంది, అందులో వాంతులు, రొప్పు, చొంగ ఉంటాయి కాబట్టి ఇంజెక్షన్ వేసి ఆటోలో ఇంటికి పంపే పని కాదది. ఇవన్నీ ఖర్చుతో కూడినవని తెలుసు. ఆ ఇంజెక్షన్‌కి మేం ఇచ్చింది నాలుగు వందలు, తర్వాత చుక్కను బతికించుకోవడానికి పెట్టింది ముప్పై ఎనిమిది వేలు.

కొన్ని దేశాల్లో ఈస్ట్రాడియోల్ బెంజోయేట్‌ను చాలా చిన్న మోతాదులో, కిలోకి పది మైక్రోగ్రాముల చొప్పున, కలిసిన మూడో రోజున, అయిదో రోజున, అవసరమైతే ఏడో రోజున ఇచ్చే పద్ధతి ఉందని మీలో కొందరు అంటారు. ఉంది. మైక్రోగ్రాముల లెక్క అది, కుక్క బరువు తూచి, రోజు చూసుకుని ఇచ్చేది, అందులోనూ ప్రమాదం తగ్గుతుందే తప్ప సున్నా కాదు. మనుషుల వయల్‌లోంచి అందాజుగా అర మిల్లీలీటర్ లాగడానికి ఆ పద్ధతిని సాకుగా చూపించకండి.

ఒకవేళ ఇప్పటికే ఎవరికైనా ఇచ్చి ఉంటే దయచేసి ఫోన్ చేసి పిలవండి. రెండో వారంలో, మూడో వారంలో రక్తం తీసి ప్లేట్‌లెట్లు చూడండి. నీళ్లు ఎక్కువ తాగితే, తిండి మానేస్తే, వాంతులైతే, కింద నుంచి చీము కారితే, చీము కారకుండా పొట్ట ఉబ్బితే, చర్మం మీద ఎర్ర చుక్కలు వస్తే, ఏ రాత్రయినా సరే తీసుకురమ్మని చెప్పండి. ఈ ఒక్క వాక్యం ఎవరైనా నాకు మొదటి రోజు చెప్పి ఉంటే, చుక్క నీళ్లు తాగడం మొదలుపెట్టిన రోజే నేను తీసుకెళ్లేదాన్ని. నాలుగు రోజులు ఆలస్యం చేశాను. ఆ నాలుగు రోజులు నన్ను వదలవు.

మెడికల్ షాపుల వాళ్లతో ఒక మాట. మా పై ఫ్లోర్ ఆంటీ మంచి మనిషి, రోజూ పదిహేను వీధి కుక్కలకు అన్నం పెడుతుంది. గల్లీలో పిల్లలు పెరుగుతున్నాయని, ఆడవాళ్లు వేసుకునే గర్భనిరోధక మాత్రలు తెచ్చి పెరుగన్నంలో కలిపి పెట్టింది ఒక సీజన్ అంతా. ఏ కుక్క ఎన్ని మాత్రలు తిన్నదో ఎవరికీ తెలియదు, ఏది ఏ దశలో ఉందో తెలియదు. వాటిలో ఉండేది ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోన్లే, కుక్క గర్భసంచికి ఆ రెండూ కలిసి ఏం చేస్తాయో పైన చెప్పాను. తర్వాత రెండు నెలల్లో మా గల్లీలో రెండు ఆడకుక్కలు వెనక చీము కారుతూ తిరిగి చనిపోయాయి. ఆంటీకి ఆ సంబంధం నేను చెప్పినప్పుడు ఆవిడ ఏడ్చిన ఏడుపు చూడలేకపోయాను. "కుక్కలకు పెట్టడానికి" అని చెప్పి మరీ అడుగుతున్న మనిషికి మీరు మాత్రలు ఇచ్చి పంపారు. ఇవ్వకండి. వీధి కుక్కల సంఖ్య తగ్గించడానికి 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనలు చెప్తున్న దారి ఉంది, ఆపరేషన్ చేసి, టీకా వేసి, చెవి కొస కత్తిరించి ఎక్కడ పట్టారో అక్కడే వదలడం. ఆ పని చేయించమని మున్సిపాలిటీ వాళ్లను అడగమని చెప్పి పంపండి, అదీ సాయమే.

రాజేంద్రనగర్‌లో మనకు పీవీ నరసింహారావు పేరు మీద పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది. అక్కడి ప్రొఫెసర్లకు కూడా ఈ లేఖ చేరితే నాదొక విన్నపం. చదువు ముగించి బయటికొచ్చే పిల్లలకు ఈ సంగతి మీరు చెప్పే ఉంటారు, పుస్తకాల్లో ఉన్నదే కదా. అది ఒక్క కాగితం మీద, తెలుగులో, ఉర్దూలో, కుక్కను పట్టుకొచ్చిన మనిషి బెంచీ మీద కూర్చుని చదువుకునేట్టు రాసి ఇవ్వండి. పేపర్ ఖర్చు, ప్రింటింగ్ ఖర్చు నేను పెట్టుకుంటాను, నాలాంటి వాళ్లు ఇంకో పది మంది కలుస్తారు, క్లినిక్ క్లినిక్‌కి తిరిగి గోడకు అంటించి వస్తాం. మీరు చూసి తప్పుల్లేవని చెప్తే చాలు.

ఫోన్ చేసిన ఆ అమ్మాయి తన కుక్కను ఏ ఇంజెక్షనూ వేయించకుండా ఉంచింది. ఇరవై ఎనిమిదో రోజుకు స్కానింగ్ డేట్ తీసుకుంది, నన్ను తోడు రమ్మంది, వెళ్తాను. చూలు ఉన్నా లేకపోయినా ఆపరేషన్ చేయిస్తానని వాళ్ల నాన్నను ఒప్పించింది.

చుక్క ఫైల్ నా అల్మారాలో ఉంది. టీకాల కార్డు, స్కానింగ్ ఫిల్ము, పంతొమ్మిది వేలని రాసిన ఆ రిపోర్టు, తార్నాక ఆయన ల్యాబ్రడార్ బ్లడ్ గ్రూప్ మ్యాచింగ్ కాగితం. అన్నిటికన్నా పైన ఆ చీటీ, "హార్మోన్ ఇంజెక్షన్", కింద తేదీ, ఇంకేమీ లేదు. మీరు ఏ మందు ఇచ్చినా, దయచేసి దాని పేరు, ఎంత ఇచ్చారో ఆ చీటీ మీద రాసి మా చేతికివ్వండి.

నాచారం నుంచి,
చుక్క వాళ్ల అమ్మ